లేని మనవడి కోసం ప్రార్థన

మొన్న ఫిలింనగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోకి పిలిచారు. పాతికేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. మొదట హీరోయిన్లకి గొంతిచ్చాను, తరువాత వాళ్ళ వదినలకి, ఆ తరువాత అమ్మలకి. ఈసారి బామ్మ అన్నారు. నేను నొచ్చుకుంటానేమోనని ఆ దర్శకుడు, "మరీ ముసలావిడ కాదులెండి మేడమ్, యంగ్ బామ్మే" అని సర్దిచెప్పాడు. నాకేమీ అనిపించలేదు గానీ, మైకు ముందు నిలబడి మొదటి మాట అనగానే హెడ్‌ఫోన్స్‌లో మా అమ్మ వినిపించింది. అదే జీర, మాట చివర అదే చిన్న దగ్గు. టేక్ ఆపించి మంచినీళ్ళు అడిగాను.

మా అమ్మది దివిసీమలో సముద్రానికి దగ్గరి పల్లె. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న పోతే, ఊడ్పులకీ కలుపులకీ వెళ్ళి నన్ను చదివించింది. తను మాత్రం ముప్పై దాటాక, బైబిలు చదవాలన్న ఒక్క కోరికతో, పాస్టరమ్మగారి దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దుకుంది. దానితో ఒక చిక్కొచ్చి పడింది. ఆవిడకి చదవడమంటే ఒకటే రాగం. ఏ కాగితం చేతికిచ్చినా ఆ రాగంలోనే చదివేది. నా దగ్గరికి వచ్చాక, మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో అంటించిన "రేపు ఉదయము నీటి సరఫరా నిలిపివేయబడును" అన్న నోటీసుని ఆవిడ గొంతెత్తి చదివితే, పక్కనున్నవాళ్ళు ప్రళయం రాబోతున్నట్టు మొహాలు పెట్టేవారు.

ఊళ్ళో ఆవిడకి క్షణం తీరిక ఉండేది కాదు. ప్రార్థన మందిరం ముందు వేలాడదీసిన రైలుపట్టా ముక్కని గంటలా కొట్టేది ఆవిడే. ఎవరింట్లో జ్వరమొచ్చినా, నొప్పులు మొదలైనా, గేదె ఈనలేక అవస్థ పడుతున్నా కబురు ఆవిడకే. ఏ మతం వాళ్ళా అని చూసేది కాదు. వెళ్ళి కింద చతికిలబడి, ముందు పేరు అడిగేది. పేరు తెలియందే కళ్ళు మూసుకునేది కాదు. చుట్టూ ఉన్నవాళ్ళు మధ్యమధ్యలో "ఆమెన్" అంటుంటే ఆవిడ ప్రార్థన అలా సాగిపోయేది.

మోకాళ్ళు మొరాయించాక జూబ్లీహిల్స్‌లో మా ఫ్లాటుకి తీసుకొచ్చాను. అప్పటికి ఇంట్లో ఉండేది నేనూ, కాలేజీకి వెళ్ళే మా అమ్మాయీ. తొమ్మిదింటికి ఇద్దరం బయటపడితే మళ్ళీ చీకటి పడ్డాకే. అమ్మ పాపం ప్రయత్నం చేయకపోలేదు. లిఫ్టులో కనిపించినవాళ్ళందరికీ రెండు చేతులూ జోడించి "వందనాలండీ" అనేది. వాళ్ళు ఫోన్లోంచి తలెత్తేలోగా వాళ్ళ అంతస్తు వచ్చేసేది. మా ఎదురింట్లో సినిమాల్లో విలన్ వేషాలు వేసే ఆయన ఉండేవాడు, చీమకి కూడా హాని చేయని మనిషి. టీవీలో ఆయన ఎవరి మెడో పట్టుకోవడం చూసినప్పటి నుంచి, "ఆ అబ్బాయి మనసు మార్చు తండ్రీ" అని రోజూ మొరపెట్టుకునేది. తలుపు తట్టి ఆయన ఎదుటే చేద్దామనుకుంది గానీ, నేను వెళ్ళనివ్వలేదు.

ఒక సాయంత్రం పని తొందరగా అయిపోయి ఇంటికొచ్చాను. తాళం తిప్పుతుంటే లోపల్నుంచి అమ్మ ప్రార్థన వినిపించింది. ఒక మాట ముగించి ఆగింది. ఎవరో పలకాలన్నట్టు ఎదురుచూసింది. తరువాత తనే, చిన్న గొంతుతో, "ఆమెన్" అనుకుని ముందుకు సాగింది. మళ్ళీ ఆగింది. నేను తలుపు తీయకుండా అక్కడే నిలబడిపోయాను. లోపలికి వెళ్ళి పక్కన కూర్చోవచ్చు. ఎందుకో సిగ్గనిపించింది. అయిపోయాకే వెళ్ళాను.

ఆ నెలలోనే ఒక సినిమాకి, ఆస్పత్రి వరండాలో మనవడి కోసం ప్రార్థన చేసే ముసలావిడ గొంతు కావలసొచ్చింది. తెర మీద చేసినావిడకి తెలుగు రాదు. నాకు చటుక్కున అమ్మ గుర్తొచ్చింది. ఆవిడకీ కాస్త కాలక్షేపం అవుతుందనుకున్నాను. ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని, బైబిలు చేతిసంచిలో పెట్టుకుని వచ్చింది. మైకు ముందు కూర్చోబెట్టాక, అద్దం అవతలున్న దర్శకుణ్ణి అడిగింది.

"పిల్లాడి పేరేంటి బాబూ?"

"పేరేం పెట్టలేదండీ. సినిమాలో పిల్లాడు కదా."

"మరి లేని పిల్లాడి కోసం దేవుణ్ణి ఎట్లా అడగను నాయనా? ఆయనకి పనుండదా?"

దర్శకుడు నా వంక చూశాడు. నేను కాగితం వంక చూశాను. అప్పుడు సౌండ్ ఇంజనీరు, నుదుట బొట్టుతో ఎప్పుడూ మౌనంగా పని చేసుకునే నలభై ఏళ్ళ మనిషి, తన మైకులోంచి మెల్లగా అన్నాడు. "అమ్మా, మా బాపుకు నిజంగనే బాగలేదు. దవాఖానల ఉన్నడు. ఆయన కోసం చెయ్యుండ్రి."

అమ్మ ఆయన తండ్రి పేరు అడిగింది. ఊరు అడిగింది. కళ్ళు మూసుకుంది. అర నిమిషం కావలసిన చోట పావుగంట చేసింది. ఆ తండ్రి ఊపిరితిత్తుల కోసం, ఆయనకి సూది వేసే నర్సు చేతుల కోసం, ఇంట్లో ఎదురుచూస్తున్న భార్య కోసం అడిగింది. దర్శకుడు ఫోను పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. అంతా అయ్యాక, హెడ్‌ఫోన్స్‌లో ఆ ఇంజనీరు గొంతు వినిపించింది, "ఆమెన్."

ఆ రికార్డింగ్ దేనికీ పనికిరాలేదు. మర్నాడు ఇంకొకావిడ వచ్చి, అర నిమిషంలో శుభ్రంగా ఏడ్చి వెళ్ళింది.

అమ్మ మాత్రం రోజూ, "ఆయనకెట్లా ఉందే?" అని అడిగేది. కనుక్కుంటాననేదాన్ని, ఆదివారం తీసుకెళ్తాననేదాన్ని. నాలుగు ఆదివారాలూ పనిలోనే పోయాయి. ఒక మధ్యాహ్నం మా అమ్మాయి కంగారుగా ఫోన్ చేసింది, అమ్మమ్మ ఇంట్లో లేదని. వాచ్‌మన్‌కి తెలియదు. మందుల షాపువాడికి తెలియదు. ఎండలో వీధి వీధీ తిరుగుతుంటే ఇంజనీరు నుంచి ఫోనొచ్చింది. "ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్. అమ్మ మా ఇంట్ల ఉన్నది." స్టూడియోలో ఆ రోజే ఆయన చేత అడ్రసు రాయించుకుందట. ఆ చీటీ ఆటోవాడికి చూపించి మోతీనగర్‌లో వాళ్ళింటికి చేరింది.

కోపంతో ఊగిపోతూ వెళ్ళాను. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన పెద్దాయన మంచం మీద నిద్రపోతున్నాడు. ఆయన భార్యా మా అమ్మా ఎదురెదురుగా కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

"చెప్పకుండా వస్తే ఎట్లా అమ్మా?"

"నెల రోజుల్నించి చెబుతూనే ఉన్నా కదే," అంది, తల ఎత్తకుండా.

ఆ తరువాత ప్రతి గురువారం మోతీనగర్ వెళ్ళేది. క్యాబ్ బుక్ చేయడం వరకే నా వంతు. ఆ పెద్దాయన కోలుకుని ఏడాది పాటు బాగానే ఉండి, తరువాత పోయారు. అమ్మ వెళ్ళడం మానలేదు. అక్కడ ఏం మాట్లాడుకునేవారో నేనెప్పుడూ అడగలేదు. తిరిగొచ్చి తనేదో చెప్పబోతే, రేపటి డైలాగులు చూసుకుంటూ ఊఁ కొట్టేదాన్ని.

అమ్మ పోయినప్పుడు మా అపార్ట్‌మెంట్ వాళ్ళు నలుగురైదుగురు వచ్చి, ఆవిడ పేరేమిటని నన్ను అడిగి వెళ్ళారు. ఇంజనీరు తల్లి మాత్రం రోజంతా కూర్చుంది. అమ్మకి ఏ కూర ఇష్టమో, ఏ కాలు ఎక్కువ నొప్పో, పెళ్ళినాటి చీర ఏ రంగో అన్నీ ఆవిడకే తెలుసు. వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వంటే మస్తు పానం బిడ్డా ఆమెకు. వచ్చినప్పుడల్లా ముందుగాల నీకోసమే మొక్కేది."

"ఏమని?"

"నా బిడ్డకు పని తక్కువ చెయ్యకు దేవా, నాకే జర ఓపిక ఎక్కువియ్యి అని."

ఇప్పుడు నాకు వారంలో రెండు రోజులే పని. మా అమ్మాయి ఉద్యోగం బెంగళూరులో. నాలుగింటికల్లా ఇంటికొచ్చి, టీ కలుపుకుని బాల్కనీలో కూర్చుంటాను. చీకటి పడడానికి ఇంకా చాలా సేపు ఉంటుంది. తీరిక కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశానో! తీరా అది వచ్చేసరికి, పక్కన కూర్చోవలసిన మనిషి వెళ్ళిపోయి ఆరేళ్ళయింది.