జిగురుకు లొంగని షీటు

నిన్న మధ్యాహ్నం తెల్ల ప్లాస్టిక్ షీటుకు డ్రిల్లుతో రంధ్రాలు వేస్తుంటే, అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి వాసన లేచింది. దాని వెంటే ఈ రైల్వే ఊరు ఝపటాపూర్‌లో, మా ఇంటి వెనక ఇదే రేకుల షెడ్డులో గడిచిన నా చిన్నతనమూ, రంపంపొట్టు అంటిన నాన్న చొక్కా, అమ్మ ఆవనూనె వేసి కలిపే మరమరాలూ అన్నీ ఒక్కసారిగా వచ్చేశాయి.

నాన్న రైల్వే వర్క్‌షాపులో వడ్రంగి. డ్యూటీ నుంచి వచ్చి, టీ తాగి, షెడ్డులో చుట్టుపక్కల వాళ్ళకు పీటలూ స్టూళ్ళూ దేవుడి మందిరాలూ చేసేవాడు. వానాకాలం వస్తే రంపం బల్ల ఉబ్బి, దానిమీద చెక్కను ఎంత తోసినా ముందుకు కదిలేది కాదు. బల్లకు కొవ్వొత్తి రుద్దడం నా పని. ఆ అవస్థ పడలేక ఒక చలికాలం, బజారంతా కొత్త ఖర్జూరపు బెల్లం ఘుమఘుమలాడుతున్న రోజుల్లో, నాన్న ఒక మందపాటి తెల్ల షీటును సైకిలుకు అడ్డంగా కట్టుకుని తెచ్చాడు. చెయ్యి వేస్తే తడి సబ్బులా జారేది.

పక్కింట్లో ఉండే చిన్నాన్న, చెప్పులకు వాడే జిగురు పూసి దాన్ని బల్లకు అంటించి, పైన ఇటుకలు పేర్చాడు. తెల్లారి ఇటుకలు తీస్తే షీటు పెనం మీది అట్టులా మొత్తంగా లేచి వచ్చేసింది.

"అది కూడా నీ మాట ఇన్లేదురా," అని నాన్న నవ్వి, డబ్బాలోంచి స్క్రూలు తీశాడు. స్క్రూ తల పైకి తేలి చెక్కకు తగలకుండా రంధ్రం మూతి దగ్గర గుంట తీయడం నా వంతు, బిగించడం ఆయన వంతు. అప్పుడు నేను ఐదో క్లాసు. బడిలో హాజరు పలకడానికే గొంతు పెగలని పిల్లను. ఆ బల్ల దగ్గర మాత్రం నాకు మాటలతో పనిలేదు.

ఎండలు ముదిరేసరికి, కాలిన రేకుల కింద షీటు పూరీలా ఉబ్బింది.

"ఆడగుంట సెయ్యెట్టింది కదా, అందుకే ఇలగయింది. దీన్నింక బల్ల దగ్గరికి రానీకు అన్నయ్యా," అన్నాడు చిన్నాన్న, నన్ను చూపిస్తూ.

"జిగురెట్టింది కూడా దీని సెయ్యేనేటి మరిదీ?" అంది అమ్మ.

నాన్న ఏమీ అనలేదు. ఆ మౌనమే నన్ను షెడ్డు బయట నిలబెట్టింది. కిటికీలోంచి చూస్తూ ఉండేదాన్ని. మధ్యాహ్నం ఉబ్బిన షీటు తెల్లవారేసరికి అణిగిపోయేది. అంటే ఎండకు అది సాగుతోంది, బిగుసుకున్న స్క్రూలు కదలనివ్వడం లేదు. తప్పు నా చేతిది కాదు.

నాన్న డ్యూటీలో, చిన్నాన్న నిద్రలో ఉన్న ఒక మధ్యాహ్నం స్క్రూలన్నీ విప్పి, రంధ్రాలు వెడల్పు చేసి, మళ్ళీ కాస్త వదులుగా పెట్టాను. ఆ ఆదివారం మండుటెండలో నాన్న బల్లమీద చెక్కను తోశాడు. పట్టాలమీద ట్రాలీలా సాగిపోయింది. వదులైన స్క్రూలు తడిమి, నా వైపు తిరిగి, "దానికి కదలడానికి జాగా ఇచ్చినావమ్మా," అన్నాడు.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఆకాశం నిండా గాలిపటాలు, వీధి నిండా కిచిడీ వాసన. ఆ రోజు ఎవరూ పనిముట్లు వాడరు. బల్ల దగ్గర పనిచేసే ప్రతివాళ్ళూ తమ పనిముట్టును కడిగి దేవుడి ముందు పెడతారు. నాన్న ఉలి, చిన్నాన్న సుత్తి పక్కన నా స్క్రూడ్రైవర్ పెట్టాను. చిన్నాన్న తీసి కింద పెట్టాడు. నేను మళ్ళీ పెట్టాను. మళ్ళీ తీశాడు. ఈసారి నేను దాన్ని పెట్టి, దానిమీద నుంచి నా చెయ్యి తీయలేదు.

"ఓలమ్మా, నోట్లోంచి మాట రాదు గానీ మొండితనం సూడు!" అన్నాడు చిన్నాన్న.

నాన్న వంగి, నా వేళ్ళ సందుల్లోంచి స్క్రూడ్రైవర్‌కు బొట్టు పెట్టాడు.

ఇప్పుడు పూజనాడు గాలిపటాలు లెక్కపెట్టగలిగినన్నే కనిపిస్తున్నాయి. బెల్లానికి ఆ వాసన లేదు. మోకాళ్ళ నొప్పులతో నాన్న స్టూలు మీద కూర్చుని చూస్తుంటాడు. ఆ పాత షీటు కూడా గాట్లు పడి పాడైపోయింది. నిన్న కొత్తది బిగించడం అయ్యేసరికి చిన్నాన్న విరిగిన మంచంకోడు పట్టుకొచ్చి, బల్లమీద అరచెయ్యి ఆడించాడు.

"మా బాగా జారుతుంది. ఎవులు బిగించినారు?"

నాన్న నా వైపు చూశాడు.

"నేనే సిన్నాన్నా. ఆడగుంట సెయ్యి," అన్నాను, వీధిలోకి వినపడేలా. "ఆ కోడు ఇటియ్యి."