ఆలుగడ్డల తడి చప్పుడు

నిన్న మా అమ్మాయి, నేను నేర్పిన జర్మన్ సలాడ్ కోసం ఉడికిన ఆలుగడ్డ ముక్కలను కలుపుతుంటే, గిన్నెలోంచి చప్‌మని తడి చప్పుడు వచ్చింది. కూర్చున్న చోటే నా నోరు ఎండిపోయింది. ఇన్నేళ్లయినా ఆ భయం నన్ను వదల్లేదు.

తొంభైల్లో దోహాలోని మెసైమీర్‌లో ఒక జర్మన్ ఇంజనీరు ఇంట్లో నేను కొత్త వంటవాణ్ణి. మూడు నెలలు చూసి, నచ్చకపోతే తిరుగు టికెట్ చేతిలో పెడతారు. నాకు పని నేర్పింది మా నిజామాబాదు వైపే పుట్టిన ఖాజా భాయ్. పన్నెండేళ్లుగా అక్కడే వండుతున్న ఆయన, సెలవు మీద ఇంటికి వెళ్లాలంటే ఆ వంటిల్లు నాకు అప్పజెప్పాలి. ప్రతి శుక్రవారం ఇంజనీరు భార్య, మా మేడమ్‌కు వాళ్ల దేశపు ఆలుగడ్డ సలాడ్ ఉండి తీరాలి.

మొదటిసారి నేను చేస్తుంటే ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. వేడివేడి ఆలుగడ్డల తొక్క తీసి, పలుచగా కోసి, కోడిని ఉడికించిన వేడి నీళ్లు, వెనిగర్, ఆవాల ముద్ద కలిపి రుచి చూశాను. నోట్లో తడి లేదు, ఏమీ తెలియలేదు. ఇంకాస్త వెనిగర్ పోశాను. మళ్లీ చూశాను, మళ్లీ పోశాను. మేడమ్ ఒక్క ముక్క తిని, ప్లేటు పక్కకు జరిపింది.

"ఇగ నన్ను పంపిస్తరు భాయ్," అన్నాను.

"భయపడ్డ నాలుకకు రుచి తెల్వది రా సాయిలూ. దాన్ని నమ్మకు. చెవితోని విను," అన్నాడు ఖాజా భాయ్.

రంజాన్ ఉపవాసాల్లో రుచి చూడకుండానే వండే మనిషి ఆయన. మర్నాడు వెనిగర్, ఆవాల ముద్ద కొలిచి వేయించి, కోడి ఉడికిన వేడి నీళ్లు కొద్దికొద్దిగా పోయించి, కదపకుండా ఆగమన్నాడు. గరిటె తిప్పితే చప్పుడే లేదు. "ఆలుగడ్డలు ఇంక తాగలే, తాగితే చప్‌మంటయి. ఇంకిన్ని నీళ్లు పొయ్." పోసి తిప్పాను. చప్. "యల్లా, అయిపోయింది!" అంటూ అరబ్బుల్లా హుషారుగా నా వీపు మీద చరిచాడు.

ఆయన విమానమెక్కే రోజు అడిగాను. "ఇంతకూ ఆ సలాడ్ రుచి ఎట్లుంటది భాయ్?"

ఆయన పెట్టె తాడు బిగిస్తూ నవ్వాడు. "నాకేమెర్క? పన్నెండేండ్ల సంది మేడమ్ ముంగట నా నోరు ఎండుతనే ఉన్నది."

ధైర్యవంతుడనుకున్న మనిషి ఆ మాట అనేసరికి నాకు మరింత గుబులు పట్టుకుంది. శుక్రవారం అతిథులొచ్చారు. నేనొక్కణ్ణే. రుచి చూడలేదు, చెవి ఒగ్గి విన్నాను. మేడమ్ ఒక ముక్క తిన్నది. ప్లేటు మళ్లీ జరిపింది, ఈసారి గిన్నె వైపు, ఇంకొంచెం వడ్డించమని.

నిన్న అమ్మాయి ఒక ముక్క నా నోట్లో పెట్టింది. "ఎట్లుంది బాపూ?"

"మంచిగుంది బిడ్డా," అన్నాను. రుచి తెలిసి కాదు, చప్పుడు విన్నాను కనుక.