జీడి చేతులు

పలాసలో జీడిపిక్కలు కొట్టే దేముడమ్మ చేతులు ఇరవై ఏళ్ల జీడి నూనెకి నల్లబడి, వేడీ చల్లా తెలియనంతగా మొద్దుబారిపోయాయి. ఆ నూనె ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. అందుకే మూడు నెలల మనవరాలికి నలుగు పెట్టే ముందు చేతులు మూడుసార్లు సబ్బుతో తోముకుంటుంది. పెసరపిండిని పల్చటి గుడ్డలో జల్లించి, మీగడతో కలిపి, చిటికెడు తన మోచేతి మడతలో రాసుకుని, మండటం లేదని తేలేదాకా ఆగుతుంది. ఆ తర్వాతే పిల్లను చాపిన కాళ్ల మీద పడుకోబెట్టుకుని, వేళ్లు ఆనీ ఆనకుండా నలుగు పెడుతుంది.

మొన్న సాయంత్రం పని నుంచి వచ్చి నలుగు పెడుతుంటే పిల్ల వీపు మీద ఎర్రని చార కనబడింది. ఇవాళ చేతులు రెండుసార్లే తోముకుందా? ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. చేతులు గాల్లోకి ఎత్తేసి, "భార్గవీ, బేగి రాయే. నా సేతుల జీడి అంటిందేటో సూడు" అని కోడల్ని పిలిచింది.

భార్గవి వచ్చి చారను వేలితో తడిమింది. "గౌను మడత గుర్తు, అత్తా. అదే పోతాది" అంది. కాసేపటికి చార పోయింది కూడా.

అయినా మర్నాటి నుంచి దేముడమ్మ నలుగు భార్గవి చేతే పెట్టిస్తోంది. తను చెంబుతో నీళ్లు మాత్రం పోస్తుంది, తన చెయ్యి పిల్లకి తగలనంత ఎత్తు నుంచి.