పదిహేడు పోగా మూడు చాక్లెట్లు

ఓరుగల్లు గడ్డ మీద ఎన్నో యుద్ధాలు జరిగాయి. వాటన్నిటినీ మించిన ఒక మహాసంగ్రామానికి నేను ప్రత్యక్ష సాక్షిని. రథాలు, ఏనుగులు, ఒక వీరబాలిక ప్రతిజ్ఞ, చివర్లో ప్రాణాలకు తెగించిన ఒక పరుగు, అన్నీ ఉన్నాయి.

అంటే, రథాలు లేవు. ఏనుగులూ లేవు. సుబేదారిలో మా కిరాణా దుకాణం ఉంది, బడి వదలగానే అక్కడికి వచ్చి కూర్చునే మా అక్క కూతురు ఉంది. రెండో తరగతి. ఆ పిల్లకు నేను చిల్లర లెక్క నేర్పాను. అంతే. పరుగు మాత్రం నిజం. అది నేనే పెట్టాల్సి వచ్చింది.

సంగతి ఒక పరీక్ష పేపరుతో మొదలైంది. ఇరవై రూపాయలిచ్చి పదిహేడు రూపాయల పెన్సిళ్ల పెట్టె కొంటే ఎంత తిరిగి వస్తుంది అని ప్రశ్న. మా పిల్ల ‘మూడు చాక్లెట్లు’ అని రాసింది. టీచర్ కాగితం చిరిగేంత గట్టిగా ఎర్ర పెన్నుతో ఇంటు పెట్టింది.

ఇంట్లో ఇద్దరు తప్ప అందరం నవ్వాం. ఒకరు మా నాన్న. తరాలుగా దుకాణమే నడుపుతున్న ఇంట్లో ఇలాంటి పిల్ల పుట్టిందేమిటని గోడ మీది పెద్దల ఫొటోల వంక చూశాడు. వాళ్లు ఏమీ అనలేదు. రెండోది ఆ పిల్లే.

“నవ్వకు మామా. మార్కెట్ డే నాడు నన్ను గల్లా కాడ కూసోనియ్యరట. చిల్లర రానోళ్లు గేటు కాడ నిలబడి అందరికి నమస్తే పెట్టాల్నట.”

మార్కెట్ డే అంటే వాళ్ల బడిలో పిల్లలే కొట్లు పెట్టి పెన్సిళ్లూ మరమరాలూ అమ్మే రోజు. తల్లిదండ్రులు వచ్చి కొనాలి. డబ్బుల పెట్టె దగ్గర కూర్చోవాలన్నది మా పిల్ల పంతం. మా ఇంట్లో గల్లా దగ్గర కూర్చోవడమంటే పట్టాభిషేకమే. నాకే ఇంకా పూర్తిగా కాలేదు.

“నమస్తే పెట్టుడు మంచిదే గదనే, పైసా ఖర్చు లేదు” అన్నాను.

“నువ్వు పెట్టుపో. నేను గల్లా కాడనే కూసుంట.”

నిజానికి తప్పు దానిది కాదు. పుట్టినప్పటి నుంచీ అది చూసిందేమిటి? మా దుకాణానికి వచ్చేవాళ్లు ఫోన్ చూపిస్తారు, స్పీకరు డబ్బా డబ్బులు వచ్చాయని అరుస్తుంది. నోటిచ్చిన ఒకరిద్దరికి మా నాన్న చిల్లరకు బదులు చాక్లెట్లు చేతిలో పెడతాడు, రూపాయికొకటి. దాని లెక్కలో నాణెమంటే తినడానికి పనికిరాని చాక్లెట్.

నేను పలక మీద తీసివేత మొదలుపెట్టాను. సున్నాలోంచి ఏడు పోదు కాబట్టి పక్కనున్న రెండు దగ్గర ఒకటి అప్పు తేవాలన్నాను.

“అప్పు లేదని తాత బోర్డు పెట్టిండు గద” అంది.

పలక పక్కనపెట్టి బిళ్లలు పరిచాను. పాత రెండు రూపాయల బిళ్ల పెద్దగా ఉంది కనుక ఐదు కంటే ఎక్కువేనని పట్టుబట్టింది. మీదున్న అంకె చూడవే అంటే, “అంకె చిన్నగుంది, బిళ్ల పెద్దగుంది. ఏది నమ్మాలె?” అంది. అంత లోతైన ప్రశ్న వినగానే టీ తాగడానికి లేచాను.

తిరిగి వచ్చేసరికి నాన్న ఒక ముసలమ్మకు నిజం చిల్లర ఇస్తున్నాడు. ఆమె చాక్లెట్ తీసుకోదు, పళ్లు లేవు. “పదిహేడు” అని సరుకు ముందుకు జరిపి, ఆమె అరచేతిలో ఒక్కో బిళ్లా పెడుతూ “పద్దెనిమిది, పందొమ్మిది, ఇరువై” అన్నాడు. ధర దగ్గర మొదలుపెట్టి నోటు దాకా పైకి ఎక్కడమే. దుకాణాల్లో ఎవరూ తీసివేత చేయరు. నేనూ చేయను. పలక చేతికి రాగానే అయ్యవారినైపోయి ఆ సంగతి మరిచాను.

“గిట్లనా?” అంది పిల్ల, గల్లా మీదికి వంగి. “గిదైతే నాకొస్తది.”

ఇక ఇంట్లో ఎవరికీ శాంతి లేదు. ఇడ్లీకి ధర చెప్పాలి, జడ వేసినందుకు ధర చెప్పాలి, నోటు ఇవ్వాలి, చిల్లర పుచ్చుకోవాలి. నిద్రలో కూడా “ఇరువై” అంటోందని అక్క చెప్పింది. అక్క కొంచెం కలిపి చెబుతుంది. మొత్తానికి టీచర్ మళ్లీ అడిగి చూసి గల్లా ఇచ్చింది.

మార్కెట్ డే నాడు బడిలో ఫోన్లు బంద్, నోట్లూ బిళ్లలే. మా పిల్ల గంభీరంగా అమ్ముతోంది, నేను పక్కన నిలబడి చూస్తున్నాను. అంతలో ఆ టీచరే వచ్చి పెన్సిళ్ల పెట్టె తీసుకొని ఇరవై నోటు ఇచ్చింది.

“పదిహేడు” అంటూ పిల్ల గల్లాలో చెయ్యి పెట్టింది. రూపాయి బిళ్లలు అయిపోయాయి.

“చిల్లర లేకుంటే మూడు చాక్లెట్లియ్యి బిడ్డా, ఏం కాదు” అంది టీచర్, పక్క కొట్టు వైపు చూపిస్తూ.

పిల్ల గల్లాలోకీ టీచర్ మొహంలోకీ మార్చి మార్చి చూసింది. ఏడుస్తుందనుకుని నేను జేబురుమాలు వెతుక్కున్నాను.

“ఇయ్య మేడం. అది తప్పని మీరే ఇంటు పెట్టిండ్రు గద.”

టీచర్ చూపించిన వేలు మెల్లగా దించేసింది.

“జర ఆగుండ్రి. మా మామ తెస్తడు.” నా వైపు తిరిగింది. “మామా, ఉరుకు!”

ఉరికాను. పాన్ డబ్బా ఆయన “చిల్లరా? ఫోన్ పే కొట్టు తమ్మీ” అన్నాడు. టీ బండామె చాక్లెట్ల సీసా చూపించింది. చివరికి రొప్పుతూ మా దుకాణంలోనే పడ్డాను.

“బాపూ, మూడు రూపాయల చిల్లర!”

నాన్న నింపాదిగా గల్లా కింది అర లాగాడు. నిండా రూపాయి బిళ్లలు.

“గిన్ని పెట్టుకొని అందరికి చాక్లెట్లెందుకిస్తానవ్ బాపూ?”

“చిల్లరిస్తే చిల్లరయిపోతది గద. చాక్లెట్ మీదైతే జర మిగుల్తది” అన్నాడు.

నేను తిరిగి బడికి వెళ్లేసరికి టీచర్ అక్కడే నిలబడి ఉంది. కదలనిచ్చినట్టు లేదు. పిల్ల నా చేతిలోంచి బిళ్లలు లాక్కుని ఒక్కొక్కటే ఆమె అరచేతిలో పెట్టింది. “పద్దెనిమిది. పందొమ్మిది. ఇరువై.” తర్వాత ఆమె వెనక నిలబడ్డవాళ్ల వైపు చూసి “నెక్స్ట్” అంది.

సాయంత్రం దుకాణానికొచ్చి వాళ్ల తాతకు తేల్చి చెప్పింది: “ఇగ నేను కూసున్నప్పుడు చాక్లెట్ నడవది.” నాన్న సరేనన్నాడు. ఆదివారం పొద్దున మాత్రం గల్లా దగ్గర అది కూర్చుంటుంది. మిగతా రోజుల్లో చాక్లెట్ల డబ్బా గల్లా పక్కనే ఉంటుంది. మూత గట్టిగా బిగించాలి, లేకపోతే చీమలు పడతాయి.