సి.టి. యంత్రానికి మల్లయ్య జవాబు

శంషాబాద్ విమానాశ్రయం దారిలోని ఒక ప్రైవేటు దవాఖానలో నేను సీనియర్ సి.టి. టెక్నాలజిస్టుగా చేరింది కరోనా తగ్గిన మరుసటి ఏడాది. రిటైర్మెంటుకు మూడేళ్లే ఉన్నాయి. స్కాన్ తీయడం మా పని. దాన్ని చదివి రిపోర్టు రాసేది రేడియాలజిస్టు. జబ్బు గురించి పేషెంటుతో మేం ఒక్క మాట అనకూడదు.

చేరిన వారంలోనే ఒక పని చేసి మురిసిపోయాను. పేషెంటు బల్ల మీద పడుకున్నాక యంత్రంలోంచి వినిపించే సూచనలు ఇంగ్లీషులో ఉండేవి. వాటిని తీయించి, తెలుగులో నా గొంతే రికార్డు చేశాను. మాది తెనాలి వైపు. "దయచేసి కదలకండి. స్కాన్ పూర్తయ్యే వరకు గుటక వేయకండి" అని రేడియోలో వార్తలు చదివినంత శ్రద్ధగా చెప్పాను.

ఆ ఎండాకాలం మహేశ్వరం వైపు నుంచి మల్లయ్య అనే డెబ్బై దాటిన గొర్రెల కాపరిని కూతురు సుజాత తీసుకొచ్చింది. స్వరపేటికలో క్యాన్సరని ముక్క పరీక్షలో అప్పటికే తేలింది. తేలవలసింది ఇంకొకటి: గడ్డ లోపలే ఉందా, ముందున్న మృదులాస్థిని తొలుచుకుని బయటికొచ్చిందా? లోపలే ఉంటే రేడియేషన్‌తో గొంతు నిలబెట్టే ప్రయత్నం చేస్తారు. బయటికొస్తే స్వరపేటిక మొత్తం తీసేయాల్సి రావచ్చు.

చేతికి సూది పెడుతుంటే మల్లయ్య బొంగురుగా అడిగాడు. "గొంతు తీసేస్తె నా గొర్లు ఎవరి మాట ఇంటయి బిడ్డా? ప్లాట్ల నడుమ మేపుతున్న. జర పిలుపు ఇనవడకుంటె సీదా ఎయిర్‌పోర్టు రోడ్డెక్కుతయి."

సూది కదలకుండా పైన ప్లాస్టరు అంటించాను. దానికి జవాబు చెప్పే హోదా నాకు లేదు.

స్కాన్ చూసి రేడియాలజిస్టు డాక్టరుగారు ఎడమ పక్క మృదులాస్థి తెగినట్టుందన్నారు. నాకు మనసు చివుక్కుమంది. కానీ తెగిన అంచులు కదిలిన ఫోటోలోలా ఒకటికి రెండుగా కనబడటంతో అనుమానం వచ్చింది. పైన దవడ, కింద మెడ ఎముకలు స్పష్టంగా ఉన్నాయి. అంటే మనిషి కదల్లేదు, గొంతొక్కటే కదిలింది. వెళ్లి గుటక వేశారా అని మల్లయ్యను అడిగాను.

"గుటక ఎయ్యలే బిడ్డా. ఆమె చెప్పంగనె సరే అన్న, గంతే."

ఆమె ఎవరన్నాను.

"గా మిషన్ల ఉన్నామె. గంత మర్యాదగ అడిగినంక పలకకుంటె ఏం మంచిగుంటది?"

సుజాత తల పట్టుకుంది. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. ఆ 'ఆమె' నేనే. గుటక వేయొద్దన్నానే గానీ మాట్లాడొద్దని నా రికార్డింగులో ఎక్కడా లేదు.

మళ్లీ తీయాలంటే ఒంటికి మరోసారి ఎక్స్‌రే కిరణాలు తగులుతాయి. డాక్టరుగారి అనుమతి కావాలి. తప్పు నాదేనని చెప్పాను. ఆయన ఒప్పుకుని, స్వరపేటిక మేరకే తీయమన్నారు. ఈసారి రికార్డింగు ఆపి, సూచనలు నేనే చెబుతూ, స్కాన్ తీయకుండా మల్లయ్యతో ముందు ఉత్తుత్తిగా చేయించాను. రెండుసార్లు "సరే" అనేశాడు. మూడోసారి పెదవులు బిగించి పడుకున్నాడు.

కొత్త చిత్రాల్లో ఆ తెగినచోటు లేదు. మృదులాస్థి గీత పూర్తిగా ఉంది. డాక్టరుగారు మొదటి చిత్రాలు లెక్కలోకి రావని రాసి, రిపోర్టు మార్చారు. తర్వాత ఏం నిర్ణయించారో మాకు చెప్పరు. కొన్ని నెలలకు మల్లయ్యే తిరిగొచ్చాడు, రేడియేషన్ పూర్తయ్యాక తీసే స్కాన్‌కు. అప్పటికి నా రికార్డింగు మార్చాను: "ఇది యంత్రం మాట. జవాబు ఇవ్వకండి." ఆయన బొమ్మలా పడుకున్నాడు. అయిపోయాక లేపడానికి వెళ్తే కళ్లతోనే అడిగి, ఆ తర్వాత నోరు తెరిచాడు.

"ఇగ పలకొచ్చునా బిడ్డా?"

పలకమన్నాను. గొర్రెలను పిలిచే కూత ఒకటి వేశాడు. బొంగురుగానే ఉంది గానీ, బయట వరండాలో కూర్చున్నవాళ్లు తలలు తిప్పి చూశారు.

చెప్పిన సూచన పేషెంటుకు ఎలా చేరిందో అడిగి తెలుసుకునే దాకా స్కాన్ మొదలైనట్టు కాదని నేను నేర్చుకున్నాను. రిటైరయ్యే వరకు గొంతు స్కాన్‌కు వచ్చిన ప్రతి ఒక్కరితోనూ ముందు ఒకసారి ఉత్తుత్తిగా చేయించాను. దానికి రెండు నిమిషాలు పడుతుంది.