ప్రెజెంట్ సార్

మొన్న ఆళ్లగడ్డలో చుట్టాలింటికి పోతే, అప్పుడే అలికిన నేల పేడవాసన తగిలింది. అక్క గుర్తొచ్చింది.

మా ఊరి బడికి సర్కారు గ్రాంటు పిల్లల తలలను బట్టి వచ్చేది. అందుకని ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే అయివారు బడి అలికించి, ఇల్లిల్లూ తిరిగి బడికి రాని పిల్లల్ని పంపమని అడిగేవాడు.

"మీ పెద్దదాన్ని రేపు పంపప్పా. తలలు తగ్గితే గ్రాంటు ఆపి, బడి మూస్తారు," అన్నాడు నాయనతో.

"చేన్లో కలుపుంది అయివారూ. ఒక్క పూటే మల్ల."

ఆ మాట విన్నా, అక్క ఇక రోజూ నాతో బడికొస్తుందనే అనుకున్నాను. అక్కా అట్లే అనుకుంది. తడి ఆరని నేల మీద నా పక్కనే కూర్చుంది. పేరు పిలిస్తే ఏమనాలో అయివారు ముందే నేర్పాడు. ఇన్‌స్పెక్టరు "సుబ్బలక్ష్మి" అనగానే లేచి, బడంతా వినపడేట్టు "ప్రెజెంట్ సార్" అంది.

మర్నాడు నాకంటే ముందే జడేసుకుని, నా పలక ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుంది. పెరట్లోంచి నాయన "సుబ్బా!" అని కేకేశాడు. అక్క చప్పున లేచి నిలబడింది.

"ప్రెజెంట్ సార్!"

నాయన నవ్వలేదు. "బడి నిన్నటికే మే. ఈ పొద్దు చేనికి పోవల్ల," అంటూ కలుపు కొడవలి చేతికిచ్చాడు.

ఆ ఏడు గ్రాంటు వచ్చింది. బడి మూతపడలేదు. నా చదువంతా అందులోనే సాగింది. అక్కకు వచ్చిన చదువు ఆ రెండు మాటలే. వాటినీ మళ్లీ ఎప్పుడూ అనలేదు.