రెండు వేసుకోండి

దవడలో ఇరుక్కున్న జ్ఞానదంతం కోసి తీశాక రెండు మాత్రల్లో ఏది నొప్పిని బాగా తగ్గిస్తుందో తేల్చడం పీజీలో నా పరిశోధన. సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంతో రోగి చెప్పాలి, నేను రాసుకోవాలి.

రాజోలు నుంచి వచ్చిన ఆ కొబ్బరిరైతుని మాత్రం మరిచిపోలేను. బత్తాయికాయంత వాచిన బుగ్గని కండువాతో కప్పుకుని, వంగి నా ఫారంలోకి చూసేవారు.

"నొప్పి ఎంతండీ?"

"నా ముందాయన ఎంత చెప్పేరండి?"

"అది చెప్పకూడదండి. మీది చెప్పండి."

"ఆయ్, అయితే రెండు వేసుకోండి. చిన్నవారు, అంత కష్టపడి తీసేరు. ఎక్కువేస్తే మీకు మాటొస్తుందండి."

మూడోరోజు భార్య కూడా వచ్చారు. "ఇంటిదగ్గర తొమ్మిదంటున్నారండి. గోడకి తల ఆనించుకుని ఒకటే మూలుగు," అన్నారావిడ.

ఆయన నొచ్చుకున్నారు. "ఇంట్లో మాట డాక్టరుగారికెందుకే?"

అనుమానమొచ్చి ఆ సాయంత్రం ఫైలంతా తిరగేశాను. అమలాపురం నుంచి కొత్తపేట దాకా అందరికీ రెండే. ఒకే ఒక్క తొమ్మిది కనిపించింది. అది గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చినాయనది.